ఖాళీ బండి బరువు

మొదట నాకే తెలిసింది.
మేనేజరుకు కాదు, యూనియన్ ఆఫీసుకు కాదు,
ఎర్రగుంట్ల స్టేషన్ కాడ టీ కాసే మాబున్నికీ కాదు.
కాటా ఎక్కే సిమెంటు లారీలు
రోజుకు నూట నలభై ఉన్నవి తొంభై అయినాయి,
తొంభై కాస్తా అరవై.
దీపావళి పోయినాక ఒక మంగళవారం
పదిన్నర దాకా ఒక్క టైరు కూడా రాలేదు.
ఎర్ర అంకె సున్నా కాడ కూర్చోని
నన్నే చూస్తాండింది.

పదకొండేండ్లు తూకం వేసినదాన్ని.
ఖాళీ బండి బరువు తీసేసి
సరుకెంతో చెప్పడం నా పని.
ఆ రాత్రి నన్ను నేనే కాటా ఎక్కించుకున్నా.
జీతం తీసేస్తే దస్తగిరమ్మ ఎంత?

అద్దె మూడువేల రెండొందలు.
పాపకు పాలిటెక్నిక్ ఫీజు, బస్సు పాసు.
శెట్టి కాడ చీటీ, ఇంకా ఎనిమిది కంతులు.
కమ్మలు ముందునుంచీ బ్యాంకులోనే ఉండాయి.
పాత క్యాలెండరు వెనక కూడితే
నా కాడ ఉండేది డబ్బు కాదు,
రెండు నెలల పద్నాలుగు దినాలు.

పీఎఫ్‌లో చూస్తే నా పేరు దస్తగిరి,
పక్కన మగ అని పడింది.
పదకొండేండ్లుగా ఎవడో మగోడి పేరున
దాచుకుంటాండా నా చెమట.
నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.
కడపకు మూడుసార్లు తిరిగితే
కౌంటర్‌లో అమ్మాయి అప్పటికి తలెత్తింది:
"కంపెనీలో సంతకం పెట్టేవాడు ఉండంగానే వచ్చినావు,
మంచిదైంది అక్కా."

తోడికోడలు కొడుకు లోనుకు జామీను అడిగింది.
పెట్టను అన్నా.
ఆ మాట కొత్త చెప్పు మాదిరి నన్నే కరిచింది.
ఇప్పుడు పెండ్లిండ్లలో ఎదురైతే
ఆమె పక్కకు తిరుగుతుంది.
దాని బరువెంతో ఏ కాటా చూపించదు.

సాయంత్రాలు ప్రొద్దుటూరు పోయి
ట్యాలీ నేర్చుకున్నా, నా పాప ఈడు పిల్లల మధ్య.
ఆంటీ, ఆ మీట కాదు, ఈ మీట.
జీతం చీట్లన్నీ జిరాక్స్ తీయించి
బియ్యం డబ్బాలో పెట్టినా.

కొలిమి కాడ చౌడప్పకు చెప్తే
"కంపెనీ మనకు తల్లి లాంటిదమ్మా" అనె.
తల్లి అయితే పాలు తూచి పోయదు, చౌడప్పా.

జనవరిలో పిలిచినారు.
ఏసీ రూము, ప్లేటులో బిస్కెట్లు.
మీసం ఇంకా సరిగా రాని హెచ్చార్ పిల్లోడు
కాగితం నా ముందుకు తోసినాడు.
"ఫార్మాలిటీ అమ్మా, ఇక్కడొక సంతకం."
తూకం చీట్లు చదివేంత ఇంగ్లీషే నాది.
అయినా, నా ఇష్టంతోనే పోతాండా అనే మాట
ఏ భాషలో దాక్కున్నా కనపడుతుంది.

"ఇంటికి తీసకపోయి చదువుకోని తెస్తా నాయనా."
"అందరూ పెట్టేసినారు."
"బండి నిండుగా ఉండాదని డ్రైవరు చెప్తే
నేనెప్పుడూ రాసుకోలేదు.
ఎక్కించి చూసినాకే రాసినా."

ఆ కాగితం ఇంకా నా సంచిలోనే ఉండాది.
వాళ్ళు తీసేస్తే తీసేయనీ,
నీ అంతట నువ్వు పోయినట్టు మాత్రం రాయొద్దు,
రెండింటికీ లెక్క వేరు అన్నాడు లాయరు.
గెలుస్తానో లేదో తెలియదు.
రెండు నెలల పద్నాలుగు దినాల్లో
ముప్పై ఒకటి అయిపోయినాయి.

నిన్న చౌడప్ప వచ్చి గడప మీద కూర్చున్నాడు.
మొదటి రోజే సంతకం పెట్టేసినోడు.
చెవి వెనక సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది.
చెప్పినా కదా, అనలేదు నేను.
రాగి సంగటి పెట్టి, పీఎఫ్ ఫారం పరిచి
పెన్ను చేతికిచ్చినా.
కొలిమి ముందు వణకని చెయ్యి వణికింది.

రోడ్డు మీద లారీ ఏదో పోయింది.
చప్పుడు చాలు నాకు, ఖాళీదే.

"పేరు కాడ మొదలుపెట్టు, అక్షరం అక్షరం చూసుకోని.
ఆడ, మగ అనే గడి కాడ మాత్రం
బాగా చూసి టిక్కు కొట్టు" అన్నా.
ఎందుకంటానో వాడికి తెలియదు.
బిత్తరపోయి తన మీసం తడుముకున్నాడు.
ఎన్నాళ్ళకో, కడుపు పట్టుకోని నవ్వినా.