ప్లీడరు చేప

"ఆర్నెల్లు బరమా ముట్టుకోవద్ద"ని చెప్పింది నేనే.
భుజం కీలు మార్పించుకున్న మనిషికి
ఫిజియోథెరపిస్టు ఇంకేం చెబుతుంది?
"అయితే నువ్వొచ్చి తిప్పు" అంది ఆర్డిస్.

అలా వచ్చాను,
ఫిబ్రవరి రాత్రి పదింటికి, వాకర్ ఊరి చివర
జలగల పేరు పెట్టుకున్న సరస్సు మీదికి,
ఒక్క జలగైనా కదలని చలిలో.
కనురెప్పలు అంటుకుంటున్నాయి.
మాట నోట్లోంచి పొగై వచ్చి
మఫ్లరు మీద ఉప్పులా పేరుకుంటోంది.

రెండున్నర అడుగుల మంచు.
తిప్పేకొద్దీ తురుము లేస్తోంది కొబ్బరికోరులా,
నీళ్ళు మాత్రం ఎంతకీ రావు.
"మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకో" అంటోంది
నా పాఠం నాకే అప్పజెబుతూ.
ఉన్నట్టుండి చేతుల కింద బరువు తప్పింది.
నల్లటి నీళ్ళు బుడుంగుమని
అంచుదాకా ఎగబాకి ఆగాయి,
ఎవరు పిలిచారో చూద్దామన్నట్టు.

సంచిలోంచి బూరెలు తీసే జల్లిగంటె తీశాను.
రంధ్రం మీద కట్టే మీగడని ఎత్తి పారబొయ్యడానికి
అంతకన్నా మంచి పనిముట్టు లేదని ఆవిడ ఒప్పుకుంది.
ఒప్పుకోవడం ఆవిడకి అలవాటు లేదు.
ముప్పై రెండేళ్ళు జిల్లా కోర్టులో
అబద్ధాలూ నిజాలూ ఒకే వేగంతో టైపు కొట్టిన మనిషి.

"పుస్తకాల్లో బర్బాట్. మేం ప్లీడరు చేప అంటాం."
"ఎందుకు?"
"పట్టుకున్నాక తెలుస్తుంది."

చిరుచేప తల గుచ్చిన గాలం అడుగుకి దిగింది.
ఊరికే వేలాడదీస్తే రాదట.
నేలకేసి కొట్టాలి. బురద లేవాలి.
అర్ధరాత్రి ఎవరో తలుపు తట్టినట్టు
టక్, టక్, ఆగి, మళ్ళీ టక్.

దూరాన గుడిసెల్లో దీపాలు ఒక్కోటీ ఆరాయి.
పేరున్న చేపల కోసం వచ్చినవాళ్ళు ఇళ్ళకి పోయారు.
వాళ్ళ గాలానికి పొరపాటున ఇది పడితే
తిట్టి, మంచు మీద విసిరేసి పోతారు.
పొద్దున్నకి కట్టెల్లా, నోళ్ళు తెరుచుకుని.
ఆర్డిస్ మొగుడూ అలాగే విసిరేవాడు.
"ఆయన నిద్రపోయాక వచ్చి ఏరుకునేదాన్ని,
గోనెసంచి పట్టుకుని. పెళ్ళయిన పదకొండో ఏడు
సొంతానికో బరమా కొనుక్కున్నా."
అంతే చెప్పింది. నేను అడగలేదు.

మంచు మూలిగింది,
ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా
కొత్త తాను చింపినట్టు. లేచి నిలబడ్డాను.
"కూచో. గట్టిపడుతోందంతే.
నోరెత్తని మంచుతోనే జాగ్రత్త."

పన్నెండు దాటాక దారం బరువెక్కింది.
లాగడం కాదు, గుంజడం కాదు,
కిందనుంచి ఎవరో తడి బొంత అందిస్తున్నట్టు.
పైకొచ్చింది తల: వెడల్పుగా, చదునుగా,
గడ్డం కింద ఒకే ఒక్క మీసం.
వాలుగ తలకి బొమ్మిడాయి ఒళ్ళు అతికించి
మచ్చలు వేస్తూ వేస్తూ మధ్యలో లేచిపోయినట్టు.
చేతొడుగు తీసి పట్టుకున్నాను.
తోక తిరిగి నా మణికట్టుకి చుట్టుకుంది,
ఒకటిన్నర చుట్టు, గాజుకన్నా బిగువుగా.
చల్లగా లేదు. ఆ రాత్రి నన్ను తాకినవాటిలో
వెచ్చనిది అదొక్కటే.
"చూశావా, ప్లీడరు" అంది ఆర్డిస్.
"వదిలించుకోవాలంటే ఖర్చవుతుంది."

కడుపు అరచేతికి తగిలింది, నిండుగా.
ఇదే నెలలో, ఈ మంచు కిందే,
చీకట్లో ఒకదాన్నొకటి పెనవేసుకుని
ముద్దలు ముద్దలుగా దొర్లుతూ గుడ్లు పెడతాయట.
"ఇంత చలిలోనా? ఎందుకు?"
ఫ్లాస్కు మూత తిప్పుతూ కాసేపు ఆలోచించింది.
"ఇంకెవరూ ఉండరు కదా."

దాన్ని వదిలేశాం.
తరవాత పడ్డ రెండింటినీ వదల్లేదు.
తెల్లవారుజామున ఆవిడ వంటింట్లో
చక్కెర నీళ్ళలో ఉడికిన ముక్కల్ని
కరిగిన వెన్నలో ముంచి, నిలబడే తిన్నాం.
నేను కారం అడిగాను. వెతికి వెతికి
మిరియాల డబ్బా ఇచ్చింది, దానమిచ్చినట్టు.

మణికట్టు జిగురు సబ్బుకి పోలేదు.
మర్నాడు క్లినిక్‌లో ఎవరిదో భుజం పట్టుకుని
"నెమ్మదిగా పైకెత్తండి" అంటుంటే
రెండో చెయ్యి, నాకు తెలీకుండానే,
బల్లమీద
టక్, టక్, ఆగి,
మళ్ళీ టక్.