గీత కింది పుస్తకాలు

మా లైబ్రరీ గోడకి ఒక గీత ఉంది.
సున్నం ఎన్నిసార్లు వేసినా
నెల తిరక్కుండా పైకి తేలుతుంది,
టీ మరక రంగులో,
నా నడుముకి బెత్తెడు పైన.
గీత పై పుస్తకాలు, గీత కింది పుస్తకాలు:
ఏ వర్గీకరణ పట్టికలోనూ లేని ఈ విభజనే
ఇక్కడ పనిచేసే అందరికీ కంఠతా.

మొదట ఇది విశ్వవిద్యాలయం కాదు,
కాలవగట్టున ధాన్యం గోదాం.
చెక్క బీరువాలు నాలుగు, లాంతర్లు రెండు,
పడవ మీద వచ్చిన పెట్టెలు పదకొండు.
తొలి రిజిస్టర్లో పేరి సోమయాజులు గారి చేతిరాత
వరినారులా ఒత్తుగా, ఒకే వాలులో.
నెంబరు ఒకటి: కొబ్బరి తెగుళ్ళ మీద చిన్న పుస్తకం.
నెంబరు రెండు: వ్యాకరణం.
మూడుకి ఎదురుగా "చెదలు" అని మాత్రమే ఉంది.

ఇప్పుడైతే మూడంతస్తులు.
లిఫ్టుంది, పనిచేసిన రోజున.
పోటీ పరీక్షల పిల్లలు తెల్లారి ఆరింటికే
బ్యాగులు పెట్టి కుర్చీలు ఆపుకుంటారు.
కంప్యూటర్ల గదిలో ఏసీ ఉంది గనక
రోహిణి కార్తెలో పరిశోధకులు ఎక్కువవుతారు.
తాటాకు గ్రంథాలు నూట నలభై ఆరు కట్టలు
నిమ్మగడ్డి నూనె రాయించుకుని
ఎర్రగుడ్డల్లో పడుకుంటాయి, బాలింతల్లా.

ఆ ఏడు గట్టు తెగిన రాత్రి
వీటిని మోసింది నేలపూడి దావీదు.
బైండరు. రోజుకూలీ.
ముందు తాటాకుల్ని పైకెక్కించాడు, తర్వాత రిజిస్టర్లని.
పటాల కోసం దిగేసరికి
నీళ్ళు మెట్ల మీద ఎదురొచ్చాయి.

వారం తర్వాత ఆవరణంతా
కొబ్బరితాళ్ళ మీద పుస్తకాలు ఆరేశాడు, ఉప్పుచేపల్లా.
పేజీకీ పేజీకీ మధ్య ఒండ్రు.
చీపురుపుల్లతో గీకి గీకి
ఆ మట్టిని తొట్టిలో పోసి బంతిమొక్క నాటాడట.
మైదా జిగురులో మైలుతుత్తం కలిపి
ఐదువందల యాభై ఆరు పుస్తకాలకి వీపులు కట్టాడు.
రిజిస్టర్లో వాటి ఎదురుగా ఎర్రసిరాతో "పనికిరావు".
దాని పక్కనే పెన్సిలుతో, వంకర అక్షరాల్లో,
"చదవొచ్చు."
సంతకం లేని ఆ ఒక్కమాట మీదే
ఇన్నేళ్ళుగా వాటిని అరువిస్తున్నాం.

మొన్న శ్రావణంలో, మిట్టమధ్యాహ్నం పంటు దిగి
ఒకామె వచ్చింది, ఉందుర్తి సీతాలు.
చెప్పులు గుమ్మం బయట వదిలింది.
పర్లేదన్నా వినలేదు.
వాళ్ళ లంక ఏట్లో కలిసిపోయింది,
చెట్టూ చేమా, బడితో సహా.
"ఉండేదని కాయితం తెమ్మన్నారండి ఆఫీసులో.
నీళ్ళలో ఉన్నదానికి కాయితం ఎక్కణ్ణించి తేనండి?"

దొరలనాటి సర్వే పటం తీశాను.
గీత కింది పటం. బల్ల నిండా పరిచాను.
పాయలున్నాయి, రేవులున్నాయి,
సరిగ్గా ఆ చోట మాత్రం
అరచేతంత గోధుమరంగు మరక.
లంకని తిన్న ఏరే
అంతకు ముందెప్పుడో ఇక్కడికొచ్చి
దాని పేరు తినిపోయింది.

నాకు మాట రాలేదు.
ఆమె వంగి, మరక అంచు వెంబడి
వేలు నడిపించింది.
ఇదండి మా రేవు. ఇది గేదెల దారి.
ఇక్కడ ఇసకమేట, దోసపాదులు.
మరకకి ఒక వంపుంది, ఇరవయ్యేళ్ళలో నేను చూడలేదు.
"మా లంక ఇలాగే ఉండేదండి.
ఈ ముక్కు దగ్గరే కోత మొదలయ్యింది."

స్కానింగు కుర్రాడు తల తిప్పకుండా అడిగాడు:
"మరక తీసేసి ప్రింటివ్వనా మేడమ్?
నిమిషం పని."
ఇద్దరం ఒక్కసారే వద్దన్నాం.

పటం నకలు పది రూపాయలు.
కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టింది.
రసీదులో "వివరం" అన్న గడి దగ్గర
నా కలం కాసేపు ఆగింది.
నెంబరు రాశాను.
నకలు వెనక పెన్సిలుతో, ఎవర్నీ అడక్కుండా,
దావీదు మాట రాశాను.

ఆఫీసువాళ్ళు చదువుతారో లేదో.
నాలుగింటి పంటు దాటిపోతుందని ఆమె లేచింది.
గుమ్మం దగ్గర, చెప్పులు వదిలిన చోట
చారెడు ఇసక.