పదిహేడో క్లాజు

చేపాక్ గెస్ట్‌హౌస్‌లో మూడో రోజు.
బల్లకి అటు ఆరుగురు, ఇటు ఆరుగురు,
కొసన నేనూ నా ల్యాప్‌టాపూ.

వైద్యం 'హక్కు' అని ఉందక్కడ.
కొట్టెయ్యమన్నారు ఇటువాళ్ళు. కొట్టేసి
'సదుపాయం' అని కొట్టాను.
కుర్చీలు వెనక్కి తోసి లేచారు అటువాళ్ళు.
మళ్ళీ హక్కు.
పొద్దుటి నుంచీ పదకొండుసార్లు.

భోజనాల దగ్గర
తిలకవతి గారు బ్యాగంతా తవ్వుకుంటుంటే
ఎదుటి పక్షం ఏకాంబరం
సాంబారు గిన్నె పక్కనుంచి
తన షుగరు మాత్రల అట్ట జరిపాడు.
ఆవిడ ఒకటి చిదుపుకుంది
థాంక్స్ కూడా అనకుండా,
ఇంట్లోవాళ్ళ దగ్గర తీసుకున్నట్టు.
అది మినిట్స్‌లో రాయలేదు నేను.

నాలుగింటికి వదిన ఫోను,
రాయపురం ఆసుపత్రి వరండాలోంచి:
"తడ దాటితే మన కార్డు చెల్లదంటన్నారు.
మీ పెద్దోళ్ళు ఏమన్నా తేల్చారా?"
కామా దాకా వచ్చాం వదినా, అన్నాను.
నవ్విందో, దగ్గిందో.

చీకటి పడ్డాక తేలింది.
రెండు మాటలూ ఉంటాయి, మధ్యలో ఏటవాలు గీత:
హక్కు/సదుపాయం.
చేతులు కలిపారు, ఫొటోలు దిగారు,
మిగిలిన బిస్కెట్లు డ్రైవర్లకి పంపారు.

ఆ గీత మీద నువ్వు
ఎటు జారతావన్నది, వదినా,
నిబంధనల్లో చూసుకుంటారట,
వచ్చే ఏడు.