బెంచీ మీంచి

నేను మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో రెండో గోల్‌కీపర్ని.
అంటే సీజనంతా బెంచీ.
బంతి కన్నా
గేటు బయట జరిగేదే ఎక్కువ చూశాను.

భీమిలిలో మ్యాచ్ ఉంటే
తొమ్మిదికల్లా పైడయ్య హోటల్లో ఇడ్లీ పిండి ఖాళీ.
"ఉప్మా ఉంది, తింటారా, పోతారా?" అనేవాడు
నవ్వు ఆపుకోలేక.
సైకిల్ షాపు అసిరినాయుడు
మా బంతికి ఊరికే గాలి కొట్టేవాడు,
వచ్చిన బళ్లకి మాత్రం
చావిడి ముందు జాగా అద్దెకిచ్చేవాడు.
గోల్ అని అరుపు వినబడితే
సెలూన్లోంచి సగం గడ్డంతో ఒకాయన పరిగెత్తుకొచ్చేవాడు.
నూకరత్నం ఉడకేసిన శనక్కాయలు
సాయంత్రానికి అడుగున ఉప్పునీళ్లే.

ఆ డబ్బు ఊరు దాటేది కాదు.
మూల చిరిగి పసుపంటిన పదినోటు ఒకటి
వారంలో మూడుసార్లు నా చేతికొచ్చింది:
టీ కొట్లో, జెరాక్సులో,
చేపలు కొన్న మా అమ్మ చిల్లరలో.

సెమీఫైనల్ ముందురోజు వాన.
గ్రౌండు చెరువైంది.
రాత్రికి రాత్రి మ్యాచ్‌ని విశాఖకి మార్చేశారు.
పైడయ్య నానబోసిన పప్పు సంగతి
ఎవరూ అడగలేదు.

సిరిపురంలో సిగ్నల్ ఎప్పట్లాగే పడింది, ఎప్పట్లాగే లేచింది.
గ్రౌండు పక్క హోటలాయన
"ఏం మ్యాచ్ బాబూ?" అన్నాడు.
అంత నగరానికి మా రెండొందల మందీ
సముద్రంలో కాకిరెట్ట.

నూకరత్నం వచ్చింది,
బీచ్ రోడ్డు బస్సులో, డేగిసాతో సహా.
అప్పటికే ఉడకేసేసింది మరి, ఏం చేస్తుంది?
గేటు దగ్గర మురీ మిక్చరు బండి,
దాని పక్కన ఐస్ బండి, దాని పక్కన
ఎవరిదో రాయి, రాని మనిషికి కాపలాగా.
"ఇది మా జాగా" అంది రాయి తరఫున ఓ గొంతు.
ఆవిడ మా బస్సు నీడలో కూర్చుంది.

ఆఖరి ఆరు నిమిషాలు నన్ను దింపారు.
మూడో గోల్ నాదే.
దాని గురించి మాట్లాడను.

బస్సు దగ్గర మావాళ్లు తలలొంచుకుని
తొక్కలు ఒలుస్తున్నారు.
"ఓడిపోనోల్లకి ఆకలెక్కువ బాబూ" అని
నాకు దోసెడు ఎక్కువ పోసింది.
ఏమైనా మిగిలిందా అంటే
డేగిసా ఎత్తి చూసుకుంది:
"బరువు తగ్గినాది. అదే."

తిరుగు బస్సులో
ఖాళీ డేగిసాకి కూడా
కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడట.