గీజరు ఆపిన నీళ్ళు

జూలైలో మహబూలాలో
చన్నీళ్ళ పంపు తిప్పితే పొగలొస్తాయి.
మేడ మీది ట్యాంకు పొద్దల్లా ఎండలో ఉడుకుతుంది.
అందుకే గీజరు ఆపేసి
అందులో నిలవున్న నీళ్ళనే చన్నీళ్ళంటాం.
ఈ దేశంలో కొన్ని పేర్లు
తిరగేసి చదువుకోవాలి.

నా జబ్బుకీ రెండు పేర్లు.
ఆస్పత్రి కాగితం మీద మల్టిపుల్ స్క్లిరోసిస్.
రాజోలు నుంచి ఫోన్లో అమ్మ నోట నరాల నీరసం.
"వేడి చేసుంటుందే కెజియా,
మజ్జిగలో సబ్జా గింజలేసుకు తాగు."
నవ్వొస్తుంది గానీ అమ్మది పూర్తిగా తప్పు కాదు.
బస్టాపులో పది నిమిషాలు నిలబడితే చాలు,
ఎడమ కంట్లో ఎరుపు వెలిసిపోతుంది,
కాళ్ళు తడిసిన గోనెసంచులవుతాయి.
చల్లటి గదిలో కాసేపు కూర్చుంటే
మళ్ళీ నా కాళ్ళు నాకొస్తాయి.

ప్రభుదాసు ఏసీ మెకానిక్కు.
డాక్టర్ బుథైనా తెర మీద
నా మెదడులో తెల్ల మచ్చలు చూపిస్తుంటే
వచ్చిన అరబ్బీ, రాని ఇంగ్లీషు రెండూ వదిలేసి
గోడకేసి చూస్తూ తెలుగులో అన్నాడు:
"వైరు మీద తొడుగు ఊడింది. అంతే కదా."
ఆ రాత్రి నా తలగడ పక్కన నల్ల టేపు చుట్ట ఒకటి.
మర్చిపోయాడో, పెట్టాడో
నేనడగలేదు.

నేను యూనిఫారాలు కుడతాను,
నర్సులవి, గేటు దగ్గర కాపలావాళ్ళవి.
సూది గుచ్చుకున్న సంగతి
గుడ్డ మీద ఎర్రచుక్క పడితే గాని తెలీని వేళ్ళు నావి.
ఆ వేళ్ళతోనే డాక్టరమ్మ బల్ల అంచు పట్టుకుని
బిడ్డ కావాలన్నాను.

ఆవిడ వద్దనలేదు. క్యాలెండరు తీసింది.
ఇక్కడ మందు ఆపాలి,
ఇదిగో ఇక్కడిదాకా అది ఒంట్లోంచి పోవాలి,
అప్పుడు చూద్దాం అంది.
నాలుగు నెలలు మందూ లేదు, బిడ్డా లేదు.
నెలసరి వచ్చిన ప్రతిసారీ
గట్టు తెగిన కాలువ పక్కన కాపురమున్నట్టుండేది.

తర్వాత హెఫ్సీ పడింది కడుపులో.
ఏడో నెల నుంచి నా ఒళ్ళు నాకు ఎదురు తిరగలేదు.
కంచే చేను మేసే ఇంట్లో
కంచె కొన్నాళ్ళు కంచెగా ఉంది.
నన్నే దొంగనుకుని బాదే ఆ కాపలావాడు
లోపల ఎవరిదో చిన్న గుండె చప్పుడు విని
కర్ర గోడకానించి కూర్చున్నాడు.
అన్నేళ్ళలో నేను బాగున్న రోజులవి.
పొట్ట మీద కొలతటేపు పెట్టుకుని
నవ్వుకుంటూ కుట్టాను.

"కాన్పయ్యాక మూడు నెలలు జాగ్రత్త.
వాడు మళ్ళీ లేస్తాడు," అంది బుథైనా.
పాలిస్తే కొంత కాపు ఉండొచ్చట.
ఉండకపోనూవచ్చట.
మందు మళ్ళీ మొదలెడితే ఏది పాలల్లోకి దిగుతుందో
ఏది దిగదో, ఒక కాగితం రాసిచ్చింది.
ఆ కాగితం ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద,
ఏసీ గాలికి రెపరెపలాడుతూ.

ఇవాళ ఎనభై నాలుగో రోజు.
పొద్దున్న ఆరింటికి లేచేసరికి
కుడిచేతి మూడు వేళ్ళు లేవు.
ఉన్నాయి, కనిపిస్తున్నాయి, లేవు.
ఎండ దెబ్బైతే తగ్గిపోతుంది.
ఇరవైనాలుగు గంటలు దాటితే మాత్రం
రాత్రైనా సరే ఫోన్ చెయ్యమంది.

మగ్రిబ్ అజా అయింది. ఏడు.
గీజరు నీళ్ళు టబ్బులోకి పట్టాను.
నా వేళ్ళు ఏమీ చెప్పవు.
ప్రభుదాసు చెయ్యి పెట్టాడు,
రాగి గొట్టాలు కాల్చి కాల్చి కాయలు కాసిన చెయ్యి,
"నాకూ తెలీటం లేదే," అన్నాడు.
వంగి, కింది పెదవి నీళ్ళకానించాను.
గోరువెచ్చన.
పిల్లని దించితే ఒక్క తన్ను తన్నింది,
నా కళ్ళజోడంతా నీళ్ళు.

తుడుచుకోలేదు. గోడ గడియారం అలికినట్టుంది.
ఇంకా పదకొండు గంటలు.