రెండు షిల్లింగులు

కుళాయి తాళంచెవి నా మెడలో ఉంటుంది.
క్యాన్‌కి రెండు షిల్లింగులు.
ఎవరికైనా అంతే.
వాషరు అరిగితే కొనాలి కదా.

ఈ నీళ్ళు తెచ్చినవాడి పేరు కిసాంగ్.
మీరు టీవీలో చూసే ఉంటారు:
మూడువేల మీటర్లు, దారి పొడవునా కర్ర అడ్డాలు,
చుట్టుకొక నీటి గొయ్యి.
ఒంటికాలితో అడ్డాన్ని తన్ని
కొంగలా గాల్లోకి లేచేవాడు,
మడమ మాత్రం తడిసేది.

టీవీ కంటే ముందు నాకు తెలుసు.
కెరియో లోయలో ఏటి దాకా ఏడు కిలోమీటర్లు
పసుపు క్యాన్లు వీపుకి కట్టుకుని
ఇద్దరం పరిగెత్తేవాళ్ళం,
మొసళ్ళు ఎండ కాగడానికి ఒడ్డెక్కక ముందే.
వెళ్ళేటప్పుడు అతను ముందు.
వచ్చేటప్పుడు, బరువుతో, నేను.
ఈ సంగతి ఏ రికార్డు పుస్తకంలోనూ లేదు.

మొదటిసారి దేశం దాటి వెళ్ళొచ్చి
పొయ్యి దగ్గర కూర్చుని చెప్పాడు:
"అక్కడ నీళ్ళు నింపి ఉంచుతారు.
తాగడానికి కాదు. దూకడానికి."
మా అవ్వ, కొగో కొబిలో,
పుల్లపాల బుర్ర కింద పెట్టి అడిగింది:
"మరి సాయంత్రం ఆ నీళ్ళెవరికి పోస్తారు?"
లోకమంతా పరిగెత్తి వచ్చినవాడు
అక్కడ నీళ్ళు నమిలాడు.

ఆ ప్రశ్నే అతన్ని తరిమిందని పేపర్లో రాశారు.
కావచ్చు.
పేపరువాళ్ళకి ఏ కథైనా ఒక్క ప్రశ్నతో మొదలైపోతుంది.

నేను చూసింది వేరు.
మొదటి బోరు ఉప్పు పడింది.
రిబ్బను కత్తిరించిన మూడోరోజు
మేకలు మూతి పెట్టి తల విదిలించాయి.
"మన ఆశల మీద నీళ్ళు చల్లాడు,
అవీ ఉప్పునీళ్ళు" అని సంతలో నవ్వుకున్నారు.
నేనూ నవ్వాను.
కెమెరాలవాళ్ళు మళ్ళీ రాలేదు.
ఇక నీళ్ళొదులుకోవడమేనన్నాడు పెద్దాయన చెబోయ్.

అతను మాత్రం వచ్చాడు, ఈసారి ఒక్కడే,
మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాక,
ఎల్డొరెట్‌లో ఇల్లు అమ్ముకుని,
డ్రిల్లు లారీ వెనకాల కుంటుతూ.
పదకొండు రాత్రులు లారీ పక్కనే పడుకున్నాడు.
బురద పైకొచ్చినప్పుడల్లా
వేలితో నాలిక్కి రాసుకునేవాడు.
ఉప్పు. ఉప్పు. సున్నం. ఉప్పు.
పన్నెండో తెల్లవారుజామున ఏమీ అనలేదు,
నా అరచేతిలో ఇన్ని పోశాడు.
తాగాను.
ఏ రుచీ లేదు.
ఏ రుచీ లేకపోవడం అంత తియ్యగా ఉంటుందని
నాకెవరూ చెప్పలేదు.

ట్యాంకు మీద పేరు రాస్తామంటే
వద్దన్నాడనుకునేరు. వద్దనలేదు.
ఎర్రరంగుతో రాయించుకున్నాడు,
తప్పు పోతే దగ్గరుండి దిద్దించాడు కూడా.
మంచివాడైతే మాత్రం
మనిషి కాకుండా పోతాడా?

నాకు తాళంచెవి ఇస్తూ
"వచ్చేటప్పుడు నువ్వే కదా ముందు" అన్నాడు.
అప్పటికి నవ్వేసి, రాత్రికి ఏడ్చాను.
ఏడ్చి ఏం లాభం?
ఆ యేడు బడికి వచ్చిన బూట్లు ఒక్క జత,
మగపిల్లల కొలత.

నా కూతురు జెముతాయ్ ఇప్పుడు పరిగెత్తదు.
బడికి నడిచి వెళుతుంది, తాపీగా, ఆలస్యంగా,
దారిలో రేగుపళ్ళు ఏరుకుంటూ.
మొన్న కోచ్‌లు వచ్చి పెదవి విరిచారు,
ఈ లోయ పిల్లల్లో వేగం తగ్గిపోతోందట.
తగ్గనీ.

నిన్న కిసాంగ్ వచ్చి వరసలో నిలబడ్డాడు,
పద్నాలుగోవాడు, చేతిలో పాత క్యాను.
కుళాయి కింద కారిన నీళ్ళు మడుగు కట్టాయి.
మేకపిల్ల ఒకటి తాగుతోంది.
"దూకు! దూకు!" అని పిల్లల గోల.
మడుగు వంక చూశాడు.
పాత లెక్కేదో మోకాల్లో కదిలినట్టు
ఒక్క క్షణం ఆగి,
మేకపిల్ల బెదరకుండా
చుట్టూ తిరిగి వచ్చాడు.

వెయ్యి నోటిచ్చాడు. చిల్లర లేదన్నాను.
"ట్యాంకు మీద పేరు నాదేగా" అని నవ్వాడు.
నేనూ నవ్వి, బాకీ పుస్తకం తెరిచి రాసుకున్నాను:
కిసాంగ్. ఒక క్యాను. రెండు షిల్లింగులు.