పదకొండోవాడు

నా పని చెబితే ఎవరూ నమ్మరు.
రాత్రి ఆటలు చూసి
పొద్దున మనుషులకు మార్కులు వేస్తాను.
బాస్కెట్‌బాల్ వీడియో గేములో,
నిజం ఆటగాళ్లకి.
ఎగరడానికి ఇన్ని, గురికి ఇన్ని,
ఎడమ చేత్తో బంతి తట్టడానికి ఇంకొన్ని,
తలా నలభై పైచిలుకు గళ్లు.
అన్నీ కలిపి వడగడితే ఒక్క అంకె.
ఆ అంకె కింద మనిషి నిలబడతాడు,
సంతలో కొమ్ముకు చీటీ కట్టిన ఎద్దులా.

క్లీవ్‌లాండ్‌లో ఫిబ్రవరి.
సరస్సు మీది గాలి కిటికీ సందులో ఈల వేస్తుంటే
రాండెల్ పికెట్ మోకాలిని
పదహారోసారి వెనక్కి తిప్పి చూస్తున్నాను.
బెంచీ మీద పదకొండోవాడు. ముప్పై నాలుగేళ్లు.
గాల్లోంచి ఎడమ కాలి మీదికి దిగేటప్పుడు
ఒక చిన్న అనుమానం,
చీకట్లో ఇంకో మెట్టు ఉందో లేదో అని
పాదం తడుముకున్నట్టు.
వేగంలో నాలుగు కోశాను.
మొత్తం డెబ్బై ఒకటి కాస్తా అరవై తొమ్మిదయింది.
సేవ్ నొక్కి, చల్లారిన పిజ్జా ముక్క తిన్నాను.

మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డులో
బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దించి
గుప్పెడు కాయలు తీసి
వాసన చూసి, ఒకటి విరిచి, చెవి దగ్గర ఆడించి
"తాలు ఎక్కువే" అనేవాడు.
రైతు కాయల వంక చూసేవాడు కాదు,
పెదనాన్న కనుబొమల వంక చూసేవాడు.
నాకు ఎదురుగా ఎవరూ నిలబడరు.
అది సుఖమే అనుకున్నాను చాన్నాళ్లు.

ప్రచారానికి ఒక వీడియో తీశారు.
ఎవరి అంకె వాళ్లే ఊహించాలి.
కుర్రాళ్లు తొంభైల్లో మొదలెట్టి
తెర చూసి తలలు బాదుకుని నవ్వారు.
పికెట్ గడ్డం గోక్కుని "అరవై ఏడు" అన్నాడు.
అరవై తొమ్మిది చూపించారు.
"ఈ లెక్క వేసినవాడు
పొద్దున్నే నేను మెట్లు దిగడం చూళ్లేదు" అన్నాడు.
ఆ ముక్క కత్తిరించారు.
నవ్వు రాలేదట.

ఇంకో సంగతి, చెప్పకూడనిది.
ఎవరెవరు ఎవరితో ఆడుతున్నారో మాకు తెలుస్తుంది.
పేర్లు రావు, ఊరు వరకే.
దేశం మొత్తం మీద పికెట్‌ని
రోజూ ఏరికోరి ఎంచుకునే యంత్రం ఒక్కటే.
ఇక్కడికి దగ్గరే, లేక్‌వుడ్.
నాలుగున్నర నుంచి అయిదున్నర,
బడి వదిలాక, అన్నానికి పిలిచేలోపు.
అక్కడ పికెట్ బెంచీ ఎరగడు.
నలభై ఎనిమిది నిమిషాలూ అతనే,
బంతి పొరపాటున కూడా ఇంకొకడికి ఇవ్వడు.
మొన్న మంగళవారం నూట పన్నెండు పాయింట్లు కొట్టాడు,
నేను వేసిన అరవై తొమ్మిదితోనే.
ఎలాగబ్బా అని సెట్టింగులు తెరిచాను.
అన్నీ మామూలే.
"అలసట" అని రాసిన మీట ఒక్కటి
సున్నా దాకా జరిపి ఉంది.

మార్చి ఆరున జట్టు అతన్ని వదిలేసింది.
రెండు లైన్ల వార్త.
నాకు మూడు క్లిక్కుల పని.
ఇరవై రెండో నంబరు చొక్కా విప్పెయ్,
పేరుని "జట్టు లేనివాళ్లు" గదిలోకి తొయ్యి,
దేశం నిండా పంపు.
పంపాను.
తెల్లారేసరికి యంత్రాలన్నీ తలూపాయి.

లేక్‌వుడ్ ఊపలేదు.
కొత్త జాబితా వచ్చింది, దించుకుంటారా అని
తెర అడిగినప్పుడల్లా
అటువైపు ఒక వేలు
"తర్వాత" నొక్కుతోంది.
నిన్నటికి పదిహేడుసార్లు.

బలవంతంగా దించే దారి నా చేతిలో ఉంది.
మిగిలిన ఆ ఒక్కటీ ఏమిటని
పైవాళ్లు రెండుసార్లు అడిగారు.
నేనూ ఆ మాటే చెప్పాను.
నాలుగున్నర కావస్తోంది.